పలనాటి కొండ అడవి: చెట్ల లెక్క, జాతుల లెక్క

పలనాడనగానే తెలుగువారికి కారెంపూడి రణరంగమును, నాగులేరును, బ్రహ్మనాయుని చాపకూడును జ్ఞప్తికి వచ్చును. నాపరాయి పరచిన నేలలు, జొన్నచేలు, మిరప కళ్లములు కన్నులకు కట్టును. కాని మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతములకు పడమటి దిక్కున బారులు తీరి నిలిచిన కొండలను, వాని మీది అడవిని తలచుకొనువారు తక్కువ. కృష్ణా పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణములుగా సాగు నల్లమల శ్రేణికి ఈ కొండలు ఈశాన్యపు అంచు. మాచర్ల ప్రక్కగా పారి, ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకు చంద్రవంకకు నీరందించునవి ఈ కొండలే.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. కొత్త జిల్లాకు సాగరు కాలువ, సున్నపురాయి, మిరప పంట ఎటువంటి ఆస్తులో ఈ అడవియు అటువంటి ఆస్తియే. ఆస్తి యన్న తరువాత దానికి లెక్క యుండవలెను. అడవి లెక్కను ఎట్లు వ్రాయవలెను? ఎకరములలోనా, లేక చెట్ల సంఖ్యలోనా? ఈ రెండును చాలవనియు, అడవిలో ఎన్ని జాతులున్నవి, ఒక్కొక్క జాతికి ఎన్ని పిల్లమొక్కలున్నవి అను లెక్కయే అసలైన లెక్క యనియు పాఠకులకు మనవి చేయుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కొండపై ఏమి పెరుగుచున్నది?

కాండము కట్టెబారు మొక్కలు మూడు విధములు: మానులు, పొదలు, గట్టి తీగలు. పలనాటి కొండలలో ఈ మూడును కలవు. ఇచ్చటి అడవిని శాస్త్రజ్ఞులు పొడి ఆకురాల్చు అడవి అందురు. అనగా మాఘ ఫాల్గుణములు దాటునప్పటికి ఆకు రాలి, తొలకరితో తిరిగి చిగిర్చు అడవి యన్నమాట. వేసవిలో దీనిని చూచినవారు చచ్చిన అడవి యని భ్రమపడుదురు. నిజమునకు అది నీటిని పొదుపు చేసికొనుటకై ఆకును విడిచిన అడవి.

కొండ అడుగున, ఊళ్లకు చేరువగా, ముండ్ల పొదలు ఎక్కువ. రేగు, బలుసు, కలివి, సండ్ర, వెలతురు, బందారు, తంగేడు ఇచ్చట కానవచ్చును. కొంచెము పైకి ఎక్కినచో చిరిమాను, బిల్లుడు, సోమి, తునికి, సార, మోదుగ, రేల, గుంపెన, ఉసిరి కనుపించును. రాళ్లు తేలిన నిట్రవాలులలో తపసి, అందుగు, కొండగోగు వంటివి రాతి సందులలోనికి వేళ్లు చొప్పించి నిలుచును. మట్టి లోతుగానున్న చోట్ల నల్లమద్ది, ఏగిస, టేకు, కరక, తాని పెరుగును. వాగుల వెంబడి ఏరుమద్ది, నేరేడు, చిల్ల, వెదురు నీడ పట్టును. ఒకే కొండపై నాలుగు అంతస్తులవలె ఈ విధముగా నాలుగు కాపురములున్నవి.

నల్లమలలో మరియెచ్చటను సామాన్యముగా దొరకని మొక్కలును కలవు. ఎరియోలీనా లషింగ్టోనై అను చిన్న చెట్టు మన దేశమునకే పరిమితమైనది. మదరాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసిన లషింగ్టన్ పేర దానికి ఆ నామము వచ్చినది. ఈయనయే 1915లో రాజధానిలోని చెట్లు, పొదలు, కట్టెతీగల దేశభాషా నామములను పట్టికగా ప్రకటించెను. ఆ పట్టికలోని తెలుగు పేర్లు ఏ కళాశాలలో పుట్టినవి కావు. కాపరులును, కంపకొట్టువారును, చెంచులును తరతరములుగా పిలుచుచు వచ్చిన పేర్లే అవి.

జాతులు ఎక్కువైన లాభమేమి?

రెండు గుట్టలను ఊహింతము. ఒక్కొక్క గుట్టపై నూరేసి మానులున్నవనుకొందము. మొదటి గుట్టపై 90 మానులు ఒకే జాతివి, మిగిలిన 10 మరి రెండు జాతులవి. రెండవ గుట్టపై 20 జాతులున్నవి, ఏ జాతికిని పది మానులకు మించి లేవు. దూరమునుండి చూచువారికి రెండును సమానమైన పచ్చదనమే. కాని ఒక పురుగో, తెగులో, వరుస కరవులో వచ్చి ఆ ఒక్క జాతిని పట్టినచో మొదటి గుట్ట బోడియగును. రెండవ గుట్టకు గాయమగునే కాని ప్రాణము పోదు.

ఇంకొక లాభము ఋతువులది. మోదుగ శివరాత్రి నాటికి పూచును. తరువాత ఇప్ప, దాని వెనుక రేల పూచును. నేరేడు తొలకరికి పండును, టేకు వానలలో పూచును, ఉసిరి చలికాలమున కాయను. పలుజాతుల అడవిలో తేనెటీగకును, పిట్టకును, ఎలుగుకును ఏటి పొడవున ఏదో యొక తిండి దొరకును. వానికి తిండి దొరకినప్పుడే అడవికి విత్తు చల్లువారు దొరకుదురు. ఎలుగుబంటి రేలకాయను, తునికిపండును తిని గింజలను దూరమున విడుచును. దుప్పి ఉసిరికాయలను మ్రింగి, నెమరువేయునప్పుడు పెంకులను ఉమియును. కూలి యడుగని ఈ సేద్యగాండ్రు లేనిచో చెట్టునుండి రాలిన గింజ చెట్టు క్రిందనే మ్రగ్గిపోవును.

మూడవ లాభము మానవులది. చిరిమాను కట్టె గొడ్డలి కాముకును, బండి ఇరుసుకును ప్రసిద్ధము. సండ్ర చేవనుండి కాచు దిగును. కరక, తాని, ఉసిరి కలిసి త్రిఫలములగును. చిల్లగింజను కుండ లోపల అరగదీసినచో వాననీటి బురద అడుగునకు దిగునని మన అవ్వలకు తెలియును. తునికి ఆకు బీడీకి, మోదుగాకు విస్తరికి, తపసి బంక అంగడికి చేరుచున్నవి. ఒక జాతి పోయినచో ఒక వస్తువు మాత్రమే పోదు. దానితో ఒక పనితనము పోవును. కృష్ణకు ఆవలి గట్టున నున్న కొండపల్లిలో బొమ్మలు చెక్కువారికి తెల్లపొణికి కర్ర కావలెను. అది తేలికయైనది, ఉలికి లొంగునది. ఆ చెట్టు కొండలలో తరిగిపోవుటచే అచ్చటి కళాకారులు కర్రకై ఇబ్బంది పడుచున్నారు. బొమ్మ చెక్కు చేయి యున్నను, కర్ర లేనిచో విద్య ఎట్లు నిలుచును?

పచ్చగానున్న కొండయు పేదదే కావచ్చును

ఇప్పుడు మా వాదమున కీలకమైన విషయమునకు వచ్చితిమి. ఒక ఊరిలో వృద్ధులు నిండుగా ఉండి, పసిపిల్లలు ఒక్కరును లేరనుకొందము. ఆ ఊరు నేడు కళకళలాడుచున్నను ముప్పది యేండ్లకు పాడుపడునని చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. అడవియు అంతియే. ఆరోగ్యముగానున్న జాతికి పిల్లమొక్కలు మిక్కిలిగాను, పడుచు మొక్కలు కొన్నియు, పెద్ద మానులు కొద్దిగాను ఉండును. పెద్ద మానులు మాత్రమే మిగిలి, క్రింద పిల్లలు లేని జాతి అంతరించు దారిలో నున్నదని గ్రహింపవలెను.

కొన్ని జాతులకు సంతానము పుట్టుకతోనే కష్టము. చిరిమాను గింజలు లెక్కకు వేలుగా రాలినను వానిలో చాలభాగము తాలు. మొలచునవి బహు కొద్ది. వేపగింజకు మొలచు శక్తి కొన్ని వారములకే తగ్గిపోవును. ఇట్టి జాతులకు మొలచిన ప్రతి మొక్కయు విలువైనదే. ఆ మొక్క రెండు మూడు వేసవులు బ్రతికి, మేకకు అందని ఎత్తు చేరవలెను. ఆ లోపున దానికి నలుగురు శత్రువులున్నారు.

నలుగురు శత్రువులు

మొదటిది నిప్పు. మాఘమునుండి వైశాఖము వరకు రాలిన ఆకు, ఎండిన బోద నేలనిండ నుండును. ఆరని బీడీ ముక్క యొకటి చాలును. తునికి చిగురు బాగుగా వచ్చుననియు, ఇప్పపూవు ఏరుట సులువనియు, కొత్తగడ్డి మొలచుననియు కావలెనని పెట్టు నిప్పును కలదు. నల్లమద్ది వంటి మందపు బెరడుగల పెద్దమాను ఈ మంటకు తట్టుకొనును. అందువలన మంట ఆరిన తరువాత అడవికి హాని కలుగలేదని తోచును. కాని కాలినవి ఆ యేటి పిల్లమొక్కలు. ఏటేట నిప్పుపడు కొండపై పెద్దలు నిలుతురు, పిల్లలు పుట్టి చత్తురు.

రెండవది గొడ్డలి. నరికిన మోడు చిగిర్చుట నిజమే. కాని చిగిర్చిన దానిని మరల మరల నరికినచో వేరు నీరసించును. గింజకు వచ్చు వయస్సు ఆ చెట్టుకు ఎన్నడును రాదు. ఇల్లు, నాగలి, పొయ్యి అన్నింటికిని ఒకే దగ్గరి కొండను నమ్ముకొన్న చోట ఆ కొండ మోళ్ల కొండయగును.

మూడవది అదుపులేని మేత. గొఱ్ఱె, మేక పలనాటి పేదవాని బ్యాంకు. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని మేక తనకు రుచించిన లేతమొక్కను తిని, రుచింపని దానిని విడుచును. తంగేడును, బందారును అది ముట్టదు. కావున మేపు మితిమీరిన వాలుపై క్రమముగా ఇవియే మిగులును. తంగేడు విరగబూచిన కొండ కన్నుల పండువు. జాతుల లెక్క తెలిసినవానికి అది హెచ్చరిక.

నాలుగవది పరాయి మొక్క. మనము సర్కారు తుమ్మ యని పిలుచు ముండ్ల చెట్టు అమెరికా ఖండపు మొక్క. 19వ శతాబ్దపు చివరి భాగమున వంటచెరకునకై దానిని మన దేశమునకు తెచ్చిరి. పశువులు కాయను తిని గింజను చల్లుటచే అది చెరువులను, బీళ్లను, కొండ పాదములను ఆక్రమించినది. పూవులకై తెచ్చిన తలంబ్రాల కంపయు అట్లే అడవులలో దూరి, నేలపై నీడ పరచి, ఇతర మొలకలను ఊపిరాడనీయదు. కాగితపు మిల్లులకై రైతులు పెంచు సుబాబుల్, జామాయిల్ తోటలు ఆదాయమునకు మంచివి కావచ్చును. వానిని అడవి యని లెక్క వేయుట మాత్రము పొరపాటు. నూరెకరముల జామాయిల్ జాతుల లెక్కలో ఒక్కటే.

బంక తీయుటలోను ఇట్టి ప్రమాదమే కలదు. తపసి మానుకు గొడ్డలితో లోతుగాట్లు పెట్టినచో ఒక యేడు బంక ఎక్కువ దిగును, తరువాత మాను చచ్చును. బెరడును మాత్రమే తాకు చిన్నగాటు పెట్టి, దానిని మాననిచ్చి, సన్నని చెట్లను విడిచిపెట్టినచో అదే మాను ఏండ్ల తరబడి బంకనిచ్చును. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ బంకను కొనుటయే కాక ఈ మేలైన పద్ధతిని గిరిజనులకు నేర్పించినది. చెట్టు బ్రతికిననే వ్యాపారము బ్రతుకునను సత్యమునకు ఇంతకంటె దృష్టాంతము వేరొకటి లేదు.

అడవికిని ఊరికిని ఏర్పడిన ఎడబాటు

ఇన్ని మాటలు చెప్పునప్పుడు ఒక చరిత్రను మరువరాదు. ఆంగ్లేయుల కాలమున 1882 నాటి మదరాసు అటవీ చట్టముతో అడవులు రిజర్వులైనవి. తాతల నాటినుండి పశువులు మేసిన కొండకు పుల్లరి కట్టవలసి వచ్చినది. 1921లో సహాయ నిరాకరణోద్యమ కాలమున పలనాటి రైతులు పుల్లరి కట్టమని ఎదురు తిరిగిరి. ఆ పోరాటమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులలో అసువులు బాసెను. అడవి పేరు చెప్పినంతనే పలనాటివారికి అధికారియు, జరిమానాయు గుర్తుకు వచ్చుటకు కారణము ఈ చరిత్రలోనున్నది. ఊరిని శత్రువుగా నెంచిన చట్టము అడవిని నిలుపజాలదని అది మనకు నేర్పిన పాఠము.

స్వాతంత్ర్యము తరువాత దృష్టి క్రమముగా మారినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1980లో అటవీ సంరక్షణ చట్టము వచ్చినవి. కృష్ణకు ఇరుగడల నున్న నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 1983లో పులుల పరిరక్షణ పథకమున చేరినది. 2014లో రాష్ట్ర విభజన తరువాత నది కావలి భాగము అమ్రాబాద్ పేరుతో తెలంగాణమునకు చెందినది. 1988 నాటి జాతీయ అటవీ విధానము ప్రజల అవసరములకును, భాగస్వామ్యమునకును చోటిచ్చినది. మన రాష్ట్రమున 1992 నుండి వన సంరక్షణ సమితులు వెలసినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, తరతరములుగా వాడుకొనుచున్న అడవిని కాపాడుకొను హక్కును గ్రామసభకు ఒసగినది. నల్లమల చెంచులు నేడు అటవీశాఖ పక్షమున కావలివారుగా కూడ పనిచేయుచున్నారు. అడవిలో ఏ వాగున ఏ చెట్టున్నదో వారికి తెలిసినంతగా తెలిసినవారు వేరెవ్వరును లేరు.

దూరదేశమున ఒక అనుభవము

తరిగిన పొడి అడవి తిరిగి వచ్చునా యని సందేహించువారికి మధ్య అమెరికాలోని కోస్టారికా దేశము సమాధానము చెప్పుచున్నది. ఆ దేశపు గ్వానకాస్తె ప్రాంతమున అడవిని నరికి పశువుల బీళ్లుగా మార్చిరి; ఏటేట ఆ బీళ్లు కాలుచుండెను. 1980ల మధ్యనుండి జాన్జెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును అచ్చట ముఖ్యముగా చేసిన పని నిప్పును ఆపుట. గడ్డి పెరిగి మంటకు ఆహారము కాకుండుటకై మొదట కొంతకాలము పశువులను మేపనిచ్చిరి. నిప్పును కాచు పనికి ఆ ప్రాంతపు వారినే నియమించిరి. గాలియు, పిట్టలును, జంతువులును మిగిలిన అడవినుండి గింజలు తెచ్చినవి. బీళ్లు తిరిగి అడవియైనవి. మొక్కలు నాటుట కంటె మొలచినదానిని కాలనీయకుండుటయే పెద్ద పని యని ఈ అనుభవము చాటుచున్నది. నిప్పును, మేతను, మనుష్యులను ఒకే యోచనలో కలుపుకొనుట అందలి విశేషము.

మన ఊరు చేయదగిన పని

అడవి యంచుననున్న ప్రతి గ్రామమును తన కొండ లెక్కను తానే వ్రాసికొనవచ్చును. దీనికి కావలసినవి ఒక త్రాడు, ఒక కొలతటేపు, ఒక పుస్తకము, పేర్లు తెలిసిన ఒక పెద్ద. అటవీ సిబ్బందికి తెలియజేసి, వారిని వెంటబెట్టుకొని పోవలెను.

కొండపై పది చోట్ల, ఒక్కొక్కటి పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల గళ్లను త్రాటితో గుర్తించవలెను. ఆ పదింటిలో కొన్ని కొండ పాదమున, కొన్ని వాలున, కొన్ని వాగు ఒడ్డున ఉండవలెను. ప్రతి గడిలోను మానుల చుట్టుకొలతను రొమ్మెత్తున, అనగా సుమారు నాలుగున్నర అడుగుల యెత్తున, కొలువవలెను. 30 సెంటీమీటర్లును, అంతకు మించినదియు మాను. అంతకు తక్కువై మనిషెత్తు దాటినది పడుచు. మనిషెత్తుకు లోబడినది పిల్ల. పుస్తకమున జాతి పేరు వ్రాసి దాని కెదురుగా ఈ మూడు గడులను నింపవలెను. ఏ జాతికి మూడవ గడి ఖాళీగానున్నదో ఆ జాతియే మన శ్రద్ధను కోరుచున్న జాతి. అయిదేండ్లకొకసారి అవే చోట్ల తిరిగి లెక్కించినచో కొండ ఏ దిక్కునకు నడచుచున్నదో ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య సంఘములను నెలకొల్పి, ప్రజల జీవవైవిధ్య పట్టికను సిద్ధపరుపవలెను. పైన చెప్పిన లెక్క ఆ పట్టికకు ప్రాణము. బడిపిల్లలను ఈ పనిలో చేర్చుకొనుట మిక్కిలి అవసరము. నేడు చాలమంది బాలురకు కొండమీది ప్రతి పొదయు కంపయే, ప్రతి మానును చెట్టే. సోమికిని బిల్లుడుకును భేదము తెలియనివాడు సోమి లేకపోయినప్పుడు దాని లోటును ఎట్లు గుర్తించును? పేరు మరచిపోవుట చెట్టును పోగొట్టుకొనుటకు తొలిమెట్టు.

లెక్క తెలిసిన తరువాత పనులు వాటంతటవే తోచును. మాఘమునకు ముందే ఊరికిని కొండకును నడుమ ఆకు ఊడ్చి నిప్పుగీత తీయవలెను. మంట కనబడిన వెంటనే కబురు పంపుటకు ఇద్దరు యువకులను నియమింపవలెను. కొండను భాగములుగా విభజించి, పిల్లమొక్కలున్న భాగమునకు కొన్ని వానకాలములు మేతనుండి విశ్రాంతి నీయవలెను. ఏ భాగమో, ఎన్నియేండ్లో మేకలవారితో కూర్చుండి నిర్ణయింపవలెను గాని వారిని వెలివేసి కాదు. వంటచెరకునకు బొగ్గునకు సర్కారు తుమ్మను వాడుకొన్నచో చిరిమానుకు శాంతి లభించును, బీడును చక్కబడును. నాటవలసి వచ్చినప్పుడు తమ కొండ గింజనే తెచ్చి, ఒకే జాతిని కాక పది జాతులను నాటవలెను.

వెల్దుర్తి కొండమీది చిరిమాను ఒకటి పడిపోయినంత మాత్రమున ఏ పత్రికలోను వార్త రాదు. కాని దాని క్రింద పిల్లమొక్క యొకటి లేనిచో ఆ చోట ఒక వంశము ముగిసినట్లే. ఒకనాడు పుల్లరికి తలవంచక ఈ కొండపై తమకు హక్కు గలదని పలనాటివారు నిరూపించిరి. హక్కు నేడు చట్టమున వ్రాయబడియున్నది. ఆ హక్కుతో వచ్చిన లెక్కల పుస్తకమును తెరచుట మనవంతు. రాబోవు తొలకరికి ముందు, మీ గ్రామసభలో, మొదటి పుట వ్రాయుడని మా మనవి.